బండికి మంచినీళ్ళు

అమ్మ పెద్ద దినం నాడు భోజనాలు ముగిసి, చుట్టాలు అరుగు మీద వక్కలు నములుతూ బస్సుల టైములు మాట్లాడుకుంటున్న వేళ మెకానిక్ వెంకన్న వచ్చాడు. మా ఊరి కాలవ వంతెన పక్కన ఆయన షాపు. ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడి ఉంటాడు, షాపు కొడుకులు చూసుకుంటున్నారు, అయినా గోళ్ళ చుట్టూ గ్రీజు నలుపు మాత్రం పోలేదు. భోజనానికి కూర్చోమంటే "తినే వచ్చానండి" అని తప్పించుకుని, వరండా చివర పాత దుప్పటి కప్పి ఉన్న నాన్న బండి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. దుప్పటి ఒక కొస ఎత్తి చూసి, "ఇంకా ఉంచారా అండి దీన్ని" అన్నాడు. ఆ తరువాత నాతో ఓ పావుగంట మాట్లాడి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాటలు పాతికేళ్ళ కిందట మా అమ్మ చెవిన పడి ఉంటే ఆవిడ మరోలా బతికేది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. కోపం ఎవరి మీదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

ఆ మాటలేమిటో చెప్పాలంటే ముందు మా ఇంటి నీళ్ళ సంగతి చెప్పాలి. మా ఊరు భీమవరానికి దిగువన, ఉప్పుటేటికి దగ్గర. నా చిన్నతనంలో పెరట్లో బోరింగు కొడితే వచ్చే నీళ్ళు పప్పు వండుకోవడానికి పనికొచ్చేవి. ఆ తరువాత చేలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. ముందు డబ్బున్నవాళ్ళు తవ్వించారు. వాళ్ళ చెరువులో ఉప్పు తమ చేలోకి దిగుతోందని పక్కవాళ్ళు తవ్వించారు. ఇక వరి వేసి లాభం లేదని మిగిలినవాళ్ళు తవ్వించారు. మా నాన్న మూడో రకం. రెండేళ్ళు తిరిగేసరికి బోరింగు నీళ్ళు మారిపోయాయి. సబ్బు నురగ రాదు, విరిగి చేతికి జిడ్డులా అంటుకుంటుంది. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఉతికిన చీరలు ఆరాక అట్టల్లా నిలబడేవి. పెరట్లో మునగ చెట్టు ఆకంతా రాల్చుకుని చచ్చిపోయింది. అమ్మ జుట్టు, ఊళ్ళో అందరూ మెచ్చుకున్న జుట్టు, ఎర్రబడి దువ్వెనకి ఉండలు ఉండలుగా వచ్చేసేది. ఆ ఉండల్ని చుట్టి గోడ కన్నంలో పెట్టేది. సవరం అల్లించుకోవడానికని చెప్పేది గానీ ఎప్పుడూ అల్లించుకోలేదు.

తాగడానికీ వండడానికీ కాలవ నీళ్ళే దిక్కు. వాటిని మేం మంచినీళ్ళు అనేవాళ్ళం. రేవు మా ఇంటికి మూడు వీధుల అవతల. మెట్లు నిటారుగా ఉంటాయి, కింది నాలుగూ పాచి పట్టి జారుతూ ఉంటాయి. అమ్మ తెల్లవారకుండానే నెత్తి మీద ఒక బిందె, చంకలో ఒక బిందె పెట్టుకుని రెండు సార్లు తిరిగేది. బిందెలు తెచ్చి గోళెంలో వంపి, సానరాయి మీద చిల్లగింజ నాలుగు సార్లు అరగదీసి ఆ గంధం నీళ్ళలో కలిపేది. గంటలో ఒండ్రు అడుక్కి దిగిపోయి పైన నీళ్ళు తేటపడేవి. తడి మట్టి వాసన, కొంచెం నాచు వాసన కలిసిన ఆ నీళ్ళ చల్లదనం నాకు ఇప్పటికీ నోట్లో ఉంది. ఆ గోళెంలో చెయ్యి కడిగితే అమ్మ ఊరుకునేది కాదు. "అది నా నడుమే. తాగు, పారబొయ్యకు" అనేది.

బండి మా ఇంటికి వచ్చింది రెండో పట్టుబడి తరువాత. చెరువులో రొయ్య పట్టి అమ్మడాన్ని మా వైపు పట్టుబడి అంటారు. నల్ల బండి, ట్యాంకు మీద ఎర్ర గీత, సీటు వెనక మెరిసే కడ్డీ. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాక అమ్మ హెడ్‌లైటుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. అంతవరకు నాన్న చెరువుకి సైకిలు మీద, గట్ల మీద నడిపించుకుంటూ వెళ్ళేవాడు. బండి వచ్చాక మనిషి నడకే మారింది. సాయంత్రం అయిదు దాటాక వీధి మలుపులో హారను రెండుసార్లు మోగేది. వరండా ముందు స్టాండు వేసి, పీట తెచ్చుకుని, దాని పక్కన కూర్చునేవాడు. ట్యాంకుకి తొడిగిన రెక్సిన్ తొడుగు విప్పడం, బురద కడగడం, పాత బనీను గుడ్డతో తుడవడం, చువ్వలకి ఒక్కొక్కదానికీ కొబ్బరినూనె రాయడం, సీటు వెనక కడ్డీని విభూదితో తోమడం, ఇదంతా అయ్యాక గానీ కాఫీ తాగేవాడు కాదు. కిరసనాయిలు, కొబ్బరినూనె, వేడి ఇంజను మీద పడ్డ నీళ్ళ ఆవిరి, ఈ మూడూ కలిసిన వాసనే మా ఇంటికి సాయంత్రం వాసన. అమ్మ గుమ్మంలో నిలబడి, "ముందు ఆవిడగారికి స్నానం చేయించండి, మాదేముంది" అని ఎత్తిపొడిచేది. నాన్న నవ్వేవాడు. అప్పుడు అమ్మా నవ్వేది.

నాన్నకి ఒక అలవాటు ఉండేది. ఊళ్ళో చెరువులున్న మగవాళ్ళందరికీ కొద్దో గొప్పో ఉండేదే గానీ ఆయనకి మరీ ఎక్కువ. చెరువు నీళ్ళలో ఉప్పు ఎంతుందో నాలుకతో చెప్పేవాడు. పొద్దున్నే గట్టు మీద గొంతుక్కూర్చుని, దోసిట్లో నీళ్ళు తీసి నోట్లో పోసుకుని, అటూ ఇటూ పుక్కిలించి ఉమ్మి, "పద్దెనిమిది" అనేవాడు. మేత కంపెనీ కుర్రాడు మీటరుతో చూస్తే పద్దెనిమిదో, పదిహేడో వచ్చేది. ఆ కుర్రాడు నోరెళ్ళబెట్టేవాడు. ఇంట్లో కూడా అంతే. మజ్జిగ నోట్లో పెట్టుకుని ఇవాళ కాలవ వదిలారనో కట్టేశారనో చెప్పేవాడు. సాయంత్రం బండి కడిగే ముందు బకెట్టులో నీళ్ళే చేతుల్లోకి తీసుకుని ముఖం కడుక్కుని, నోరు పుక్కిలించి పక్కకి ఉమ్మేవాడు. చెరువు దగ్గర ఉప్పు నోట్లోంచి పోవాలని. రోజూ చూసే పని కాబట్టి అది మేం పట్టించుకున్నది లేదు.

మొదట్లో బండిని బోరింగు నీళ్ళతోనే కడిగేవాడు. ఆరునెలలు కాకుండానే మడ్‌గార్డు అంచుల్లో, సైలెన్సరు అడుగున ఎర్రటి పొక్కులు లేచాయి. వెంకన్న చూసి మొట్టికాయ వేసినంత పని చేశాడట. "ఉప్పు గట్ల మీద తిరిగిన బండికి మళ్ళీ ఉప్పునీళ్ళ స్నానమా అండి? తుప్పుని పిలిచి పీటేసి కూర్చోబెడుతున్నారు మీరు. మంచినీళ్ళతో కడగండి" అన్నాడు. ఆ సాయంత్రమే నాన్న వచ్చి అమ్మతో, "ఏమే, రేపట్నించి బండికి రెండు బిందెలు ఎక్కువ తేవాలి" అన్నాడు. కసురుకుంటూ చెప్పలేదు. పాలు ఒక గ్లాసు ఎక్కువ పోయించుకోమన్నట్టు చెప్పాడంతే. అమ్మ సరేనంది. ఆ రోజుల్లో మా ఇళ్ళలో ఆడవాళ్ళు మోసే బరువుని మగవాళ్ళు చూసేవాళ్ళు కాదు. నాన్న చెడ్డవాడు కాదు, ఆయనకీ కనపడలేదు. అమ్మ మూడో తిరుగుడు మొదలుపెట్టింది. కాలేజీ లేని రోజుల్లో అది నా వంతు. నాకు ఒళ్ళు మండేది. మేం ఉప్పునీళ్ళు పోసుకుని జుట్టు రాలగొట్టుకుంటుంటే ఇనప ముక్కకి కాలవ నీళ్ళా అని గొణుక్కునేదాన్ని. కానీ అదే బండి మీద నాన్న వెనక కూర్చుని కాలేజీకి వెళ్ళేటప్పుడు ఆ గొణుగుడు గుర్తొచ్చేది కాదు.

వర్షాకాలం మొదట్లో ఒక రోజు అమ్మ రేవు మెట్ల మీద జారింది. ఎముకలు విరగలేదు గానీ నడుము పట్టేసింది. బిందె సొట్టపడింది. ఇంటికి వచ్చి, చుట్టుపక్కల అమ్మలక్కలు నవ్వుతారని, పడ్డ సంగతి నాన్నకి చెప్పొద్దంది. మర్నాడు సాయంత్రం నాలుగున్నరకి నేను గుమ్మంలో కూర్చుని జడ వేసుకుంటున్నాను. అమ్మ ఒక చెయ్యి నడుము మీద వేసుకుని, బండి బకెట్టు తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళింది. నా వైపు చూసింది. నేను జడ వైపు చూసుకున్నాను. బకెట్టు నిండింది. వరండా ముందు ఎప్పుడూ పెట్టే చోటే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను లేచి, అమ్మా ఉండు నేను వెళ్ళి తెస్తాను అని ఉండొచ్చు. అనలేదు. ఆ రోజునుంచీ నా మూడో తిరుగుడు కూడా తప్పిందని సంతోషించాను. ఈ మాట రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ సాయంత్రం నాన్న వచ్చాడు, స్టాండు వేశాడు, బకెట్టులో చేతులు ముంచి ముఖం కడుక్కున్నాడు. నోరు పుక్కిలించాడు. ఒక్క క్షణం ఆగాడు. పక్కకి ఉమ్మి, ఆకాశం వైపు చూసి, "గాలి దక్షిణానికి తిరిగింది, ఇవాళో రేపో వాన" అన్నాడు. గుడ్డ తడిపి బండి తుడవడం మొదలుపెట్టాడు. అమ్మ వంటింట్లో ఊపిరి వదలడం నాకు వినిపించింది.

అలా ఏడాదిన్నర జరిగింది. ఆ ఏడాదిన్నరలో నాన్న తుప్పుతో చేసిన యుద్ధం ఇంతా అంతా కాదు. గరుకు కాగితంతో రుద్ది వెండి రంగు పూసేవాడు. నెల తిరక్కుండా రంగు కింద మళ్ళీ పొంగేది. శనివారాలు వెంకన్న షాపులో ఇంజన్లలోంచి తీసిన పాత ఆయిలుని బ్రష్షుతో అడుగు భాగమంతా పూయించుకుని వచ్చేవాడు. నల్లగా కారుతున్న బండిని వరండా ముందు పెడితే గచ్చంతా మరకలు. అమ్మ ఆ మరకల్ని ఏమీ అనకుండా కడిగేది. అదివరకైతే ఊరుకునేది కాదు. "సముద్రపు గాలండి, ఏం చేస్తాం" అని పక్కింటివాళ్ళతో నాన్న అంటూ ఉంటే మేమిద్దరం తేలు కుట్టిన దొంగల్లా తలలు వంచుకునేవాళ్ళం. ఒకటి రెండు సార్లు అమ్మ బోరింగు దగ్గర బకెట్టు పట్టుకుని ఆగిపోవడం చూశాను. నడుము మీద చెయ్యి వేసుకుని, కాలవ వైపు చూసి, మళ్ళీ బోరింగే కొట్టేది.

నాన్న పడ్డది పట్టపగలు. కాలవ వంతెన దిగుతుంటే, ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తోందని వెనక బ్రేకు గట్టిగా తొక్కాడు. కాలి కింద పెడలునించి వెనక చక్రానికి వెళ్ళే ఇనప కడ్డీ ఒకటి ఉంటుంది, బ్రేకు రాడ్డు అంటారు. అది పుటుక్కున తెగింది. బండి గట్టు దిగి రాళ్ళలోకి పోయింది. తుంటి ఎముక ముక్కలైంది. భీమవరం ఆసుపత్రిలో రెండు నెలలు ఉన్నాం. ఆ పంటకి చెరువు చూసేవాళ్ళు లేక రొయ్య తేలిపోయింది, తరువాత చెరువే పోయింది. ఇంటికి వచ్చిన నాన్న ఎడమ కాలు పొట్టిదై, చేతికర్ర లేకుండా గుమ్మం దాటలేని మనిషయ్యాడు. ఆయన వచ్చిన రోజునే వెంకన్న బండిని రిక్షాలో వేసి తెచ్చి దింపాడు. తెగిన రాడ్డు ముక్క అమ్మకి చూపించి, "చూశారా అండి, తుప్పు లోపలిదాకా తినేసింది. పైకి ఆయిలు ఉంది గానీ లోపలంతా పొడే" అన్నాడు. అమ్మ ఆ ముక్కని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. వేళ్ళకి ఎర్రటి పొడి అంటుకుంది. దాన్ని కొంగుకి తుడుచుకోకుండా అలాగే లోపలికి వెళ్ళింది.

మళ్ళీ వారం అమ్మ కాలవకి మూడో తిరుగుడు మొదలుపెట్టింది. పట్టిన నడుముతోనే. ఆ రెండు బిందెల మంచినీళ్ళతో, ఎవరూ ఎక్కని బండిని కడిగింది. గుడ్డతో తుడిచి, చువ్వలకి కొబ్బరినూనె రాసి, కడ్డీని విభూదితో తోమింది. అంతా నాన్న చేసినట్టే. ప్రతి శుక్రవారం. వానైనా, ఎండైనా, జ్వరమైనా. ఆ తరువాత నాకు పెళ్ళయింది, మా ఆయన ఇల్లరికం వచ్చాడు, బండి అమ్మేద్దామని ఒకసారి నోరు జారి అత్తగారి చూపుకి అక్కడే ఆపేశాడు. మరి కొన్నాళ్ళకి వీధిలోకి కుళాయి వచ్చింది, కాలవ నీళ్ళు శుద్ధి చేసి ఇంటింటికీ వదిలారు. అందరం తలంట్లు పోసుకున్నాం. అమ్మ మాత్రం తన ఒంటికి బోరింగు నీళ్ళే పోసుకునేది. కుళాయి నీళ్ళు బండికి, బోరింగు నీళ్ళు తనకి. ఒక మధ్యాహ్నం నేను గట్టిగా దెబ్బలాడితే, "మీ నాన్నని నేనే పడేశానే" అంది. అదేం లేదమ్మా అన్నాను. ఆ మాట నా నోట్లోనే చప్పగా ఉంది, ఇంక ఆవిడ నమ్ముతుందా?

నాన్న పదకొండేళ్ళు బతికాడు. వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, అమ్మ బండి కడగడం చూసేవాడు. ఒకసారి, "ఎందుకే ఇంకా దానికి సేవలు? ఉప్పు పట్టింది, ఎవరాపగలరు?" అన్నాడు. ఓదార్పుగానే అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అమ్మకి అది బాకులా దిగింది. గుడ్డ అక్కడే వదిలేసి లోపలికి పోయి, ఆ పూట అన్నం ముట్టుకోలేదు. నాన్న నన్ను పిలిచి, "మీ అమ్మకేమైందే?" అని అడిగాడు. తలనొప్పని చెప్పాను. అప్పుడు నేను నోరు విప్పి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. తండ్రి దగ్గర తల్లిని పట్టించడమవుతుందని భయపడ్డాను. అందులో నా వాటా బయట పడుతుందనీ భయపడ్డాను.

ఇప్పుడు మా వీధిలో మంచినీళ్ళంటే నీలం రంగు టిన్నులు, ఆటోలో వస్తాయి. బండ్లు కడగడానికి వంతెన దగ్గర సర్వీసింగు షెడ్డు ఉంది, కుర్రాళ్ళు గొట్టంతో నురగ కొట్టి పది నిమిషాల్లో తళతళలాడించి ఇస్తారు. ఒక బండికి పోసే నీళ్ళు మా అమ్మ రెండు రోజులు మోస్తే గానీ రావు. మా అబ్బాయి బండి మీద చిన్న గీత పడితే షెడ్డువాడితో తగువు పెట్టుకుంటాడు గానీ ఆ నీళ్ళు ఎక్కడివని ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకుండా పెరిగాడు, మంచిదే. చిల్లగింజ అంటే వాడికి తెలియదు. సానరాయి కూడా ఎక్కడో పోయింది. ఆడవాళ్ళ నడుములు నిలిచాయి. ఆ రోజులు బాగుండేవని నేను అబద్ధం చెప్పను.

ఇక వెంకన్న మాటలు. దుప్పటి ఎత్తి చూస్తూ, "అమ్మగారు భలే కాపాడారండి. ఆ నీళ్ళకి ఇది అప్పుడే మట్టిలో కలవాలి" అన్నాడు. ఏ నీళ్ళకి అని అడిగాను.

"బోరింగు నీళ్ళకేనండి. మీ నాన్నగారు మొదటి రోజే చెప్పారు కదండీ నాకు. 'వెంకన్నా, మా ఇంటికాడ బకెట్టులో నీళ్ళు మారాయిరా. పుక్కిలిస్తే ఉప్పు' అన్నారు. మరి మంచినీళ్ళే పెట్టమని చెప్పండి అన్నాను. 'ఒద్దురా. అది రేవులో పడిందంట, నాకు చెప్పలేదు. ఊళ్ళో విన్నాను. చెబితే మళ్ళీ మోసుద్ది. పెట్టిన బకెట్టు వాడకపోతే అనుమానపడుద్ది. అంచేత రోజూ అక్కడ దాంతోనే కడిగేసి, శనివారం శనివారం నీ దగ్గర కాలవ నీళ్ళతో కడిగించుకుంటాను' అన్నారండి. ఆయ్, ఏడాదిన్నరా వచ్చారు. నేనే కడిగి ఆయిలు పూసి పంపేవోణ్ణి."

మరి రాడ్డు సంగతేమిటన్నాను.

"రాడ్డు మార్చాలని రెండుసార్లు చెప్పానండి నేను. పట్టుబడి అయ్యాక చూద్దాంలే అన్నారు. పడ్డాక ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, 'నువ్వు చెబుతూనే ఉన్నావురా, నేనే బద్ధకించాను, మా ఇంట్లో అనకు' అన్నారండి. సిగ్గుపడ్డారు పాపం." ఎత్తిన దుప్పటి కొస దించి, "తరవాతైనా ఆయనే చెప్పుంటారని, అమ్మగారికి ఇయ్యన్నీ తెలుసనుకున్నానండి నేను" అన్నాడు.

చుట్టాలందరూ నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయారు. నేను పెరట్లోకి వెళ్ళాను. పదకొండు రోజులుగా ఎవరూ కొట్టని బోరింగు గీపెట్టింది, పది పన్నెండు సార్లు కొట్టాక నీళ్ళు వచ్చాయి. దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నాను. ఆ ఉప్పు తెలియడానికి నాన్న నాలుకే అక్కర్లేదు, చంటిపిల్లకైనా తెలుస్తుంది. ఈ నీళ్ళు ఎలా ఉంటాయో అమ్మకి తెలుసు, నాకు తెలుసు. ఆ బకెట్టు నీళ్ళతోనే నాన్న రోజూ మా కళ్ళ ముందే నోరు పుక్కిలించేవాడనీ తెలుసు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని పాతికేళ్ళలో మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. తప్పు చేశామన్న భయం తప్ప ఇంకేదీ మాకు కనపడలేదు. పెరట్లో ఎవరూ లేరు. అమ్మ స్నానం చేసే చప్టా ఎండిపోయి తెల్లగా ఉప్పు తేలి ఉంది. దాని మీద కూర్చుని, ఎవరికి వినపడాలో వాళ్ళకి వినపడదని తెలిసీ, పైకే అన్నాను:

"నాన్నకి మొదటి రోజే తెలుసంటమ్మా."